మేకవ్వకు అమాస సెలవు

మేకవ్వకు సన్మానం చేస్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు కేబుల్ యాదగిరి. ఇప్పుడతను కేబుల్ పని చేయడం లేదు, ఇంటింటికీ ఇంటర్నెట్ బిగిస్తాడు. అయినా పోచంపల్లిలో అతని ఇంటిపేరు కేబులే. ఆ రోజు మా గోడకు ఏదో డబ్బా కొట్టడానికి వచ్చి, నిచ్చెన మీది నుంచే, "చెల్లె, ఇన్నవా? మీ మేకకు శాలువ కప్పుతున్నరట నల్లగొండల" అన్నాడు. నేను పొయ్యి మీది పాల మీద కన్నేసి, "ఏ మేకకు అన్నా?" అన్నాను. "ఏ మేకంటవేందే? మేకవ్వకు! టీవీలకొచ్చి పదేండ్లయిందని మోహనయ్య సారు పెద్ద ఫంక్షన్ పెడ్తుండు. పెద్దపెద్దోళ్లు వస్తరంట. మీ ఇంటోళ్లను గూడ రమ్మన్నడు, ముందట కుర్చీలల్ల కాదు గని, ఎన్క జాగా ఉంటదట." ఆ మాటకు పాలు పొంగిపోయాయి. బతికున్న మనుషులకే శాలువాలు అందడం కష్టమైన ఈ రోజుల్లో ఒక గొంగడి ముక్కకు అందుతోందంటే సంతోషించాలి. నేను సంతోషించాను. దేవుడు నాకిచ్చిన గుణాల్లో అదొకటి. సంతోషానికి కారణం కనబడని చోట కూడా కాసేపు వెతికి, ఏదో ఒకటి పట్టుకొస్తాను.

మేకవ్వ ఎవరో తెలియనివాళ్లకు చెప్పాలి. నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో ఈ పదేళ్లలో పెరిగిన పిల్లలకు చెప్పనక్కర్లేదు. ప్రతి ఆదివారం పొద్దున ఆ పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం మరిచి చూసిన నల్లటి బొమ్మ మేక. ముసలి మేక, నోరు పెద్దది, చెవులు ఇంకా పెద్దవి. పిల్లలకు ముచ్చట్లు చెబుతుంది, ఊళ్లు తిప్పుతుంది, తలస్నానానికి ఏడ్చేవాళ్లను మందలిస్తుంది. ఆ కార్యక్రమం పేరు "మేకవ్వ ముచ్చట్లు". తెర మీద మొదట మేక కనబడేది, ఆ తర్వాత అక్షరాలు వచ్చేవి: సృష్టి, మోహనయ్య. మాట, మోహనయ్య. పాట, మోహనయ్య. సమర్పణ, మోహనయ్య. మొదటిసారి అది చదివి వినిపించినప్పుడు మా అండాలత్త నోటి మీద వేలు పెట్టుకుని, "గా సారు పేరు గన్నిసార్లు ఎందుకేస్తున్నరే? ఎవలన్న ఎత్కపోతరనా?" అన్నది.

అండాలత్త మా బాపుకు అక్క. చండూరులో ఇచ్చారు. మా మామ మరమగ్గాల పనికని భీవండి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అత్త ఒక ఇనుప పెట్టెతో మా ఇంటికి తిరిగొచ్చింది. ఆమె వచ్చిన రోజు నాకు గుర్తులేదు. ఆమె లేని ఇల్లు కూడా నాకు గుర్తులేదు. పొద్దున నేను కళ్లు తెరిచేసరికి ఆమె వాకిట్లో ఆసు పోస్తూ ఉండేది. ఆసు అంటే అర్ధచంద్రం లాంటి చట్రం, దానికి వరసగా మేకులు. చేతిలో దారం పట్టుకుని ఆ మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. చీర మీద రంగులు ఎక్కడ పడాలో మొదట ఆ చేతికి తెలియాలి. ఆమె చెయ్యి తిరుగుతుంటే నోరు ఊరుకునేది కాదు. భజనలన్నీ ఆ తిప్పడంలోనే అయిపోయేవి. మా ఇంట్లో పూజ గంట కంటే ఆసు చప్పుడే ముందు దేవుడికి వినబడేదని బాపు అనేవాడు. ఇల్లంతా ఎప్పుడూ ఒకటే వాసన: గంజి పెట్టిన నూలు, ఉడుకుతున్న రంగు, నూలుకు ముళ్లు వేయడానికి కత్తిరించిన సైకిల్ ట్యూబుల రబ్బరు. పెద్దయ్యాక ఎక్కడ పంక్చరు దుకాణం ముందు నిలబడినా నాకు మా ఇల్లు గుర్తొస్తుంది. ఇలాంటి భాగ్యం ఎంతమందికి ఉంటుంది!

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బడికి పోయిన కొద్ది రోజులూ సుద్దముక్క దుమ్ముకే ఊపిరాడక పంతులమ్మ ఒళ్లో వాలిపోయేదాన్ని. చివరికి ఆమే బాపును పిలిచి, "పిల్లను ఇంట్లోనే చదివించుకోండి, నాకు భయమైతుంది" అన్నది. అలా నా బడి ఆసు పక్కకు మారింది. లెక్కలు ఆసు మేకుల మీద, అక్షరాలు భజన పుస్తకంలో, లోకజ్ఞానం బెల్లం చుట్టి తెచ్చిన పేపరు ముక్కల్లో. పేపరు ఎక్కడ చిరిగితే నా జ్ఞానం అక్కడ ఆగేది. ఆ తర్వాత ఏమైందో అత్త కల్పించి చెప్పేది. నిజంగా జరిగినవాటి కంటే ఆమె చెప్పినవే బాగుండేవి. ఇప్పుడు పెద్ద పెద్ద వార్తలు చివరిదాకా చదివినప్పుడు, అత్త అయితే దీన్ని ఇంతకంటే మంచిగా ముగించేది గదా అనిపిస్తుంది.

మేకవ్వ కూడా నా ఉబ్బసం వల్లే పుట్టింది. మిరియాల కషాయం చూస్తే నేను మంచం కింద దూరేదాన్ని. ఒక వానకాలంలో పాలమూరు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఒకాయన మా అరుగు మీద తలదాచుకుని, పోయేటప్పుడు చిరిగిన గొంగడి వదిలేసి పోయాడు. అత్త దాన్ని ఉతికి, కోసి, కుట్టి మేక తల చేసింది. కళ్లకు ఏం పెట్టాలా అని కాసేపు ఆలోచించి, ఇనుప పెట్టె తెరిచి, తన నల్లపూసల్లోంచి రెండు పెద్దవి తెంపింది. అమ్మ "అయ్యో వదినా!" అన్నది. అత్త సూదిలో దారం ఎక్కిస్తూ, "నా మెడల ఉండి ఏం జూసినయి? గీడనన్న లోకం జూస్తయి" అన్నది. ఆ మేక కషాయం తాగి మూతి నాకుతుంటే నేనూ తాగేదాన్ని.

మా చిన్నాయన షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోయాక ఆయన మగ్గం ఖాళీగా ఉండేది. గుంట మగ్గం. నేతగాడు గుంటలోకి కాళ్లు వేసి కూర్చుంటే, కింద రెండు తొక్కుడు పలకలు ఉంటాయి. అత్త ఆ మేక తలను పైకర్రకు వేలాడదీసి, ఒక తాడు కుడి పలకకు, ఒక తాడు ఎడమ పలకకు కట్టింది. కుడికాలు తొక్కితే నోరు తెరుచుకునేది, వదిలితే సైకిల్ ట్యూబు రబ్బరు లాగి దాన్ని మూసేది. ఎడమకాలు తొక్కితే చెవులు లేచేవి. చెయ్యి మెడలో పెడితే తల ఊగేది. ముందు ఒక చీర కడితే గుంటలో మనిషి ఉన్నట్టే తెలియదు. నేను పక్కన నక్కి, వెదురుపుల్లకు గుచ్చిన గుడ్డ పిచ్చుకను ఎగరేసేదాన్ని. పిచ్చుక ప్రశ్నలు అడగాలి, మేకవ్వ జవాబు చెప్పాలి. ఊళ్లు తిరగడానికి మాకు ఇల్లు దాటే పని లేదు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె మా హైదరాబాద్ బస్సు, అందులోని దారం కండె కండక్టరు. నీలం నూలు పరిస్తే నాగార్జునసాగరం. పచ్చ నూలు కుప్పేస్తే నల్లమల. ఆ అడవిలో నాకు ఒక్కసారి కూడా ఊపిరాడకపోలేదు.

వైరు సరిచేయడానికి వచ్చి యాదగిరి దీన్ని చూశాడు. అప్పటికి నాకు ఓణీ వయసు వచ్చింది, చూసేందుకు వాడకట్టు పిల్లలంతా మా ఇంట్లో పోగయ్యేవారు. యాదగిరి పెళ్లిళ్ల వీడియో కెమెరా తెచ్చి కొంత తీసి, నకిరేకల్ తీసుకుపోయి మోహనయ్య సారుకు చూపించాడు. సారుకు నకిరేకల్‌లో నిమ్మకాయల మండీ, పక్కనే ఒక కేబుల్ చానెలూ ఉండేవి. రెండూ పుల్లగానే నడుస్తున్నాయి. అంతకు ముందు ఆయన చానెల్లో వార్తలు చదివే పిల్లలు మన మాట ఒక్కటి దొర్లినా జీతం కోయించుకునేవారు. రాష్ట్రం వచ్చింది. సారు తెల్లారేసరికి మన భాషకు ప్రాణమిచ్చేవాడైపోయాడు. నకిరేకల్‌లో పుట్టి, అక్కడే పెరిగి, నకిరేకల్ మాట నేర్చుకోవడానికి ఒక ట్యూషన్ మాస్టరును పెట్టుకున్నాడని యాదగిరి చెప్పేవాడు. యాదగిరి మాటల్లో సగం తీసేసినా, ఆ మాస్టరు మాత్రం ఉండే ఉంటాడని నా నమ్మకం. అలాంటి సారుకు, అరమరిక లేకుండా మన మాట మాట్లాడే మేక దొరికింది. దేవుడు ఎవరికి ఎప్పుడు ఏం ఇవ్వాలో తెలిసే ఇస్తాడు.

ప్రతి గురువారం మా ఇంట్లో షూటింగు. సారు వచ్చినప్పుడల్లా బాపును "నేతన్నా" అని, అత్తను "తల్లీ" అని పిలిచేవాడు. మా పేర్లు ఆయన ఎప్పుడూ అడగలేదు, కాబట్టి మరిచిపోయాడని నింద వేయలేను. తెర మీద అత్త పేరు లేదని బాపు ఒకసారి గొణిగితే, అత్తే అడ్డుపడింది. "వద్దు తమ్మీ. గుంటల అండాలు కూసున్నదని పిల్లలకు తెలిసిందనుకో, మేక సచ్చిపోతది. మనిషి మాట్లాడ్తే పిల్లలేం వింటరు? మేక మాట్లాడ్తే వింటరు." ఆమెకు కావలసింది పేరు కాదు. ఆదివారం పొద్దున ఊరు ఊరంతా ఒక్కసారి నవ్వితే, ఆ చప్పుడు మా వాకిట్లోకి వినబడేది. ఆమె ఆసు ఆపి అది వినేది. భీవండి నుంచి తిరిగి రానిదాన్ని ఆమె ఆ నవ్వుతోనే పూడ్చుకుందని నాకు తర్వాత తెలిసింది.

ఒక్క నియమం మాత్రం ఉండేది. మా ఇళ్లల్లో అమాస నాడు మగ్గం ముట్టరు. గుంట కడిగి, పలకలకు నూనె, పసుపు పూసి, దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మగ్గానికి దండం పెట్టుకుంటారు. నెలంతా మనల్ని మోసింది, ఒక్క రోజు దాన్ని పడుకోనివ్వాలి. మేకవ్వ మగ్గం మీద ఉంది కాబట్టి మేకవ్వకూ అమాస సెలవే. గురువారం అమాస వస్తే షూటింగు శుక్రవారానికి జరిగేది. సారు ముఖం చిట్లించేవాడు గానీ ఒప్పుకునేవాడు. పెత్రమాస దాకా.

పెత్రమాస అంటే మాకు పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలు. దానికి వారం ముందు సారు కారు దిగి, వాకిట్లోనే చేతులు చాచి నిలబడ్డాడు. "తల్లీ! ఎంగిలిపూల నాడు లైవు పెడ్తున్న. పెద్దసారు మన గుంట కాడికే వస్తుండు. మేకవ్వతోని బతుకమ్మ ముచ్చట్లు చెప్తడు. గిసొంటి మౌక మల్ల రాదు!" పెద్దసారంటే ఎవరో నేను చెప్పను. ఆ రోజుల్లో ఏ కొత్త గోడ కట్టినా రిబ్బను కత్తిరించడానికి వచ్చే పెద్దమనుషుల్లో ఒకరు.

అత్త చేతిలో దారం ఆగింది. "ఎంగిలిపూలంటే పెత్రమాస గద సారూ."

"ఔ. అయితే?"

"అమాస నాడు మగ్గం ముట్టం."

"చీర నెయ్యమన్ననా తల్లీ నేను? అది మగ్గం కాదు. సెట్టు! స్టూడియో!"

"పేరు మారిస్తే అమాస ఇంకో దినానికి జరుగుతదా సారూ?"

సారు బాపు వైపు తిరిగాడు. "నేతన్నా, జర నువ్వన్న చెప్పు." బాపు నూలుకు రబ్బరు చుడుతూ తలెత్తకుండానే, "మా అక్కకు మా నాయినే చెప్పలేకపోయిండు సారూ" అన్నాడు.

అప్పుడు సారు గొంతు మారింది. ట్యూషన్ మాస్టరు నేర్పని గొంతు అది. "ఇను తల్లీ. ఆ దినం మేక మాట్లాడకుంటే, వచ్చే ఆదివారం నుంచి ఈ ఇంట్ల మేకనే ఉండది. బొమ్మలు చేసెటోళ్లు హైదరాబాద్‌ల నాకు మస్తుమందున్నరు."

 అత్తకు ఆదివారం నవ్వు పోతుంది. పోకుండా చూసుకునే దారి కోసం ఆమె ఎంత వెతికిందో నేను ఆమె ముఖంలో చూశాను. "మాట్లాడ్తది సారూ" అన్నది చివరికి. "గొంతుకు అమాస లేదు. నేను ఎన్క నిలవడి మాట్లాడ్త. పలక మాత్రం తొక్క. నోరు తెరువకుంటనే మాట్లాడ్తది. ఇయ్యాల మేకవ్వ ఉపాసమని పిల్లలకు నేనే చెప్త. వాళ్లకు అర్థమైతది."

పిల్లలకు అర్థమయ్యేదే. కానీ పెద్దసారు ముందు నోరు మూసుకున్న మేకను కూర్చోబెడితే ఆయనకేం అర్థమవుతుందోనని మోహనయ్య సారుకు భయం. "నోరు తెరువాలె. ఎవలు తొక్కుతరో నేను జూస్కుంట" అని కారెక్కాడు.

ఆ రోజు పొద్దున అత్త ఎప్పటిలాగే రెండు గుంటలూ కడిగింది. రెండు మగ్గాల పలకలకూ నూనె, పసుపు దట్టంగా పూసింది. పెద్దలకు బియ్యం ఇచ్చి, మధ్యాహ్నం తంగేడు, గునుగు పూలు తెచ్చి బతుకమ్మ పేర్చింది. సాయంత్రానికి వాడకట్టు పిల్లలంతా మా ఇంట్లో కిక్కిరిశారు. యాదగిరి మా ఇంటి కప్పు మీదుగా తన ఆఫీసు దాకా వైరు లాగాడు. పెద్దసారు వచ్చి మేకవ్వ ముందు పీట మీద, మోకాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక, ఒకవైపుకు ఒరిగి కూర్చున్నాడు. మోహనయ్య సారు యాదగిరి చెవిలో, "గుంటల దిగు, పలక తొక్కు" అన్నాడు. "మరి కెమెరా ఎవలు పట్టాలె సారూ, మేకనా?" అన్నాడు యాదగిరి. సమయం దాటిపోతోంది. చివరికి సారే, గంజి పెట్టిన తెల్లబట్టలతో, చీర వెనక్కి వచ్చాడు.

"చెప్పులిడువుండ్రి సారూ" అన్నాడు బాపు.

"పైలం సారూ, పలకలకు నూనె పెట్టినం, జారుతయి" అన్నది అత్త.

"నాకు చెప్తున్నవా?" అని సారు గుంటలోకి దిగాడు. దిగాడంటే, కొంత దిగాడు. సారు నిండైన మనిషి. మా చిన్నాయన కొలతకు తవ్విన గుంట అది.

లైవు మొదలైంది. అత్త గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, "రా కొడుకా, కూసో. పూలు తెచ్చినవా?" అన్నది. మేకవ్వ నోరు కదలలేదు. చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. పిల్లలు కిలకిలమన్నారు. పెద్దసారు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మన బతుకమ్మ, మన భాష, మన నేతన్న. ఇక నుంచి ఏ మగ్గం ఖాళీగా ఉండదన్నాడు. మేకవ్వ నోరు కొంచెం తెరుచుకుంది. ఏ నేతగాడూ పని కోసం ఊరు విడిచిపోడన్నాడు. నోరు ఇంకొంచెం తెరుచుకుంది. ఈ ఊరి వీధులను సింగపూర్ చేస్తానన్నాడు. అప్పుడు గుంటలో మోహనయ్య సారు కాలు నూనె మీద జారి పలకల నడుమ ఇరుక్కుంది. మేకవ్వ నోరు చెవుల దాకా తెరుచుకుని, ఇక మూతపడలేదు. సారు రెండో కాలితో తన్నుకుంటుంటే చెవులు టపటపా కొట్టుకున్నాయి.

ఏదో ఒకటి చేయాలని నేను పిచ్చుకను ఎగరేసి, "అవ్వా, అవ్వా, గంత ఆకలైతాందా?" అన్నాను.

అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "లేదు బిడ్డా, సారు మాటలు ఇంటున్న. గింత పెద్ద పెద్ద మాటలు నా చిన్న నోట్ల పడ్తయా? గందుకే జర పెద్దగ తెరిచిన."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పెద్దసారు కెమెరా కోసం నవ్వాడు, ఆ తర్వాత ఆ నవ్వును ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. అంతలో మేక కడుపులోంచి మగ గొంతు, "యాదగిరీ! గుంజురా! కాలు ఇరిగిపోతాంది!" అని అరిచింది. "మేకవ్వ కడుపుల ఎవలో ఉన్నరు!" అని ఒక పిల్ల ఏడుపందుకుంది. బాపు చీర తీసేసి, సారు చంకల్లో చేతులు వేసి లాగాడు. నడుము దాకా పసుపు పూసుకుని, తెల్లబట్టల మోహనయ్య సారు, ఊళ్లన్నీ చూస్తుండగా, భూమిలోంచి పుట్టినట్టు పైకొచ్చాడు. సీతమ్మవారు భూమిలోకి పోయిందని విన్నాను గానీ, ఒకరు ఇలా పైకి రావడం కళ్లారా చూసే భాగ్యం నాకు ఆ రోజే కలిగింది.

పెద్దసారు బతుకమ్మ వైపు చూడకుండానే కారెక్కాడు. మరో వారానికి మేకను తీసుకుపోవడానికి సారు పంపిన జీపు వచ్చింది. మేక చానెలుదట. మెడలో చానెలు గుర్తు కుట్టి ఉందట. బాపు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. అత్త ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపి, గుంటలోకి దిగి, తాళ్లు ఒక్కొక్కటే తనే విప్పింది. "కండ్లన్న తీసి పెట్టుకో అక్కా. నీ నల్లపూసలవి" అన్నాడు బాపు. అత్త మేక ముఖం తుడుస్తూ, "కండ్లు లేని మేకను జూస్తే పిల్లలు బెదురుకోరా తమ్మీ?" అన్నది. జీపు డ్రైవరుకు ఇస్తూ, "ఎండల పెట్టకు కొడుకా, గొంగడి వాసనొస్తది" అని కూడా చెప్పింది.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే. సారు గుంటలోంచి పైకొచ్చిన ముక్క ఫోన్లలో చేతులు మారి మారి రాష్ట్రమంతా తిరిగింది. ముందు సిగ్గుపడి నాలుగు రోజులు మండీకి రాని సారు, జనం తనను మెచ్చుకుంటున్నారని తెలుసుకుని అయిదో రోజు బయటికొచ్చాడు. మేకవ్వ లోపల ఉండేది మోహనయ్య సారేనట! పెద్దమనిషి మొహం మీదే మేక నోరు తెరిపించాడట, ఎంత గుండె! అందరూ కళ్లతో చూశారు, ఇంకేం సాక్ష్యం కావాలి? పెద్దసారు కూడా గాలి ఎటు వీస్తుందో చూసుకుని, నాకు హాస్యమంటే ప్రాణమని ఎక్కడో చెప్పాడట. మేకవ్వ నల్లగొండలో సారు మూడో అంతస్తులో పెట్టిన కొత్త స్టూడియోకు మారింది. అక్కడ గుంట లేదు కాబట్టి మూతికి పుల్ల గుచ్చారు. మాట అయిపోయాక నోరు తెరుచుకునేది. ఎవరో అమ్మాయి గొంతు. కొత్త పిల్లలు అదే మేకవ్వ అనుకున్నారు. నేను కోపంతో టీవీ ఆపబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ బిడ్డా. గొంతు మంచిగనే ఉన్నది పోరిది." ప్రతి ఆదివారం చూసేది. మేక మాట్లాడుతుంటే నేల మీద ఆమె కుడికాలు మెల్లగా లేచి ఆగేది, లేచి ఆగేది. అక్కడి మూతి కంటే ఆ కాలే మాటకు సరిగ్గా కుదిరేది.

చివరి రోజుల్లో ఆమెను భువనగిరి దవాఖానలో ఉంచాం. పక్క మంచం దగ్గర ఒక పిల్లాడు సూదికి ఏడుస్తుంటే, అత్త పడుకునే, మేకవ్వ గొంతుతో, "ఏందిరా కొడుకా, సూదికే గింత అయితే రేపు కొమ్ములు మొలిస్తే ఎట్ల?" అన్నది. పిల్లాడు ఏడుపు ఆపి దగ్గరికొచ్చి ఆమెను తేరిపార చూశాడు. "అవ్వా, నువ్వు మంచిగనే చేస్తున్నవ్ గని, అసలు మేకవ్వ ఇంక మంచిగ చేస్తది" అన్నాడు. అత్త దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఔ కొడుకా, నేను ఇంక నేర్సుకోవాలె" అన్నది. ఆ ఏడు వానకాలంలోనే పోయింది.

ఫంక్షనుకు వెళ్లాను, నాలుగేళ్ల నా బిడ్డను తీసుకుని. తీస్తే గౌరవం తగ్గుతుందని కాబోలు, కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంచారు. మేకవ్వ వేదిక మీద మఖ్మల్ కుర్చీలో ఉంది. ఒంటికి కొత్త బొచ్చు, కొమ్ములకు బంగారు రంగు, రెప్పలకు పొడుగాటి వెంట్రుకలు. శాలువా కప్పారు. మోహనయ్య సారు మైకు పట్టుకుని, చిన్నప్పుడు తన నానమ్మ మేకతో తానెలా మాట్లాడేవాడో, రాత్రులు మేలుకుని మేకవ్వను ఎలా సృష్టించాడో చెప్పాడు. చివరికి గుండె మీద చెయ్యి వేసుకుని, "ఆ ఎంగిలిపూల నాడు గుంటల కూసున్నది నేనే!" అన్నాడు. హాలు చప్పట్లతో ఊగిపోయింది. నేను కూడా కొట్టాను. ఆ సాయంత్రం ఆయన చెప్పినవాటిలో అదొక్కటే నిజం, దాన్ని గౌరవించడం నా ధర్మం.

అయిపోయాక పిల్లలను మేకవ్వ దగ్గరికి వదిలారు. సారు నన్ను చూసి, "ఎవరమ్మా?" అన్నాడు.

"పిచ్చుకను సారూ."

"ఏ పిచ్చుక?" అని, సమాధానం కోసం ఆగకుండా నా బిడ్డ తల నిమిరి, ఫోటో కోసం అటు తిరిగాడు. నా బిడ్డ మాత్రం కుర్చీ దగ్గర కదలకుండా నిలబడింది. "అమ్మా, గీ మేకవ్వ నన్నే జూస్తాంది." వంగి చూశాను. బొచ్చు మార్చారు, కొమ్ములు మార్చారు, గొంతు మార్చారు. కళ్లు మార్చడం ఎవరికీ తోచలేదు. "జూస్తది బిడ్డా. మనల్ని ఎరిగిన కండ్లే" అన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆ గుంట మీద బండ పరిచి బట్టలుతికే మిషను పెట్టారు. అది తిరిగేటప్పుడు ఇల్లంతా అదురుతుంది. అమాస నాడు దాన్ని తిప్పనివ్వను. నవ్వితే నవ్వనీ. అప్పట్లో మాకు ఉన్నది ఒక చీర, రెండు తాళ్లు, ఒక పిచ్చుక. ఇప్పుడు నా బిడ్డ వేలితో జరిపితే ఏ దేశపు బొమ్మలైనా వచ్చి ఆడతాయి. అందుకూ దేవుడికి దండమే. కానీ ఆ బొమ్మలకు సెలవు రోజు లేదు, అందుకే కాబోలు వాటి ముఖాల్లో అలసట కనబడుతుంది. గుంటలో మనిషి ఉందని తెలిస్తే మేక చచ్చిపోతుందని అత్త భయపడేది. అప్పటి పిల్లలందరూ ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, మీకు చెబితే ఏమీ కాదు. అందుకే చెప్పాను, ఒక్కటి అడగడానికి. మీ ఇంట్లో ఎప్పుడైనా ఆ నల్లమేక ముచ్చట వస్తే, దాని నోరు తెరిచిన కాలు మా అండాలత్తదని గుర్తుపెట్టుకోండి. ఏ రోజైనా సరే, ఒక్కసారి ఆమెను తలుచుకోండి. అమాస నాడు మాత్రం వద్దు. ఆ రోజు ఆమెకు సెలవు.